తలుపు తీయాల్సింది నువ్వే

హారర్ వీడియో గేముల్లో మనల్ని నిజంగా భయపెట్టేది ఏది? మంగళగిరి వీధుల్లోంచి ఒక వెతుకులాట

1990ల తొలినాళ్ళలో మా వీధిలో తలుపులన్నిటి మీదా ఒకే మాట ఉండేది: ‘ఓ స్త్రీ రేపు రా’. కొందరు సుద్దముక్కతో రాశారు, కొందరు బొగ్గుతో. మా పక్కింటివాళ్ళు నూలుకు వేయగా మిగిలిన ఎర్రరంగుతో రాశారు. రాత్రిపూట ఒక ఆడమనిషి వచ్చి తలుపు కొడుతుందని, మనకు బాగా తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, గడియ తీశామా అంతే సంగతులని ఊళ్ళకు ఊళ్ళే నమ్మిన కాలం అది. తలుపు మీద రాత చదివితే రేపు వద్దాంలే అని వెనక్కి పోతుందట. మర్నాడూ అదే రాత, అదే తిరిగిపోవడం.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆమె ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. పిలిచే గొంతు అమ్మదైతే తీయకుండా ఉండగలనా? అమ్మ నా పక్కనే పడుకుని ఉందని తెలిసినా, చీకట్లో ఒకసారి ఆమె చెయ్యి తడిమి చూసుకునేవాణ్ణి.

ఈ వేసవిలో మా మేనల్లుడు సెలవులకు వచ్చాడు. ఏడో తరగతి అయిపోయింది. కరెంటు పోయిన ఒక రాత్రి మేడమీద చాప పరుచుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో ‘గ్రానీ’ ఆడుతున్నాడు. 2017లో వచ్చిన గేమ్ అది. ఒక ముసలామె ఇంట్లో బందీగా కళ్ళు తెరుస్తాం. బయటపడటానికి అయిదు రోజుల గడువు. ఆమెకు ఏ చిన్న చప్పుడైనా వినిపిస్తుంది. చేతిలో వస్తువు జారి పడితే పరుగెత్తుకొస్తుంది, కొన్ని చోట్ల నేల పలకలే కిర్రుమని పట్టిస్తాయి. మంచం కిందో బీరువాలోనో నక్కి, ఆమె అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగాలి. నేను దగ్గరికెళ్ళి ఏమిట్రా అది అన్నాను. వాడు తలెత్తకుండా చెయ్యి ఊపి, గొంతు తగ్గించి అన్నాడు: “మావయ్యా, మాట్టాడమాక. దానికి వినపడిద్ది.”

నా మాట ఆ ఫోన్‌లోని ముసలామెకు వినపడదని వాడికి తెలుసు. ఎనిమిదో తరగతిలోకి వెళ్ళబోయే పిల్లాడు, నాకు ఫోన్ సెట్టింగులు నేర్పేవాడు. అయినా గొంతు తగ్గించాడు. ఈ కథనం ఆ క్షణంలో మొదలైంది.

ఉలికిపాటు, గుబులు, జడుపు

మన భాష భయాన్ని ఒక్క మాటతో సరిపెట్టలేదు. బెదురు, జంకు, దడ, హడలు, వణుకు... వీటిలో దేని సందర్భం దానిదే. హారర్ గేములను తూచడానికి నాకు మూడు మాటలు చాలు.

ఉలికిపాటు అంటే తెలిసిందే. ఆలోచన అందుకునేలోపే రెప్పలు మూసుకుంటాయి, భుజాలు ముడుచుకుంటాయి. స్టవ్ మీది గిన్నె దబ్బున కిందపడినా అదే జరుగుతుంది. తెరనిండా ఒక వికారమైన ముఖాన్ని ఒక్కసారిగా చూపించి, పెద్ద శబ్దం పెడితే చాలు, ఎంతటి ధైర్యవంతుడైనా ఉలిక్కిపడతాడు. ఇందులో పెద్ద పనితనం ఏమీ లేదు. ఫోన్లలో ఉచితంగా దొరికే గేములు చాలావరకు దీనిమీదే బతుకుతున్నాయి.

గుబులు వేరు. ఇంకా ఏమీ జరగలేదు. జరుగుతుందని మాత్రం కడుపుకు తెలుసు. పరీక్ష ఫలితాలకు ముందురాత్రి, ఆసుపత్రి వరండాలో డాక్టరు బయటికి వచ్చేలోపు ఉండేది గుబులే. మంచి హారర్ గేమ్ తన సమయంలో ఎక్కువ భాగం దీన్ని పెంచడానికే ఖర్చు పెడుతుంది. 2014లో వచ్చిన ‘ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్’ పైకి ఉలికిపాట్ల గేమే. మనం రాత్రి కాపలావాళ్ళం. కుర్చీలోంచి లేవలేం. అటొక తలుపు, ఇటొక తలుపు. దగ్గరికి వస్తున్న బొమ్మలను కెమెరాల్లో చూస్తూ, వచ్చినప్పుడు తలుపు మూయాలి. కానీ మూసిన తలుపు కరెంటు తింటుంది. చూసిన కెమెరా తింటుంది, వేసిన లైటూ తింటుంది. తెల్లారేలోపు కరెంటు అయిపోతే రెండు తలుపులూ వాటంతటవే తెరుచుకుంటాయి. ఎండాకాలం కోతల్లో ఇన్వర్టర్ బ్యాటరీ చివరి గీత చూస్తూ కూర్చున్న తెలుగువాళ్ళకు ఆ గుబులు విప్పి చెప్పక్కర్లేదు.

మూడోది జడుపు. జరిగిపోయింది, అయినా వదల్లేదు. పిల్లాడు రాత్రి కలవరిస్తే, అన్నం సయించకపోతే ‘జడుసుకున్నాడు’ అంటారు మా వైపు. దిష్టి తీస్తారు, ఆంజనేయస్వామి సింధూరం పెడతారు, సాయంత్రం నమాజు వేళకు మసీదు గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి ఊదించుకొస్తారు. ఆట ఆపేశాక, ఫోన్ పక్కన పెట్టేశాక కూడా మనతో ఇంట్లోకి వచ్చే భయం ఇది. ఉలికిపాటును ఎవరైనా అమ్మగలరు. జడుపు పుట్టించిన గేములను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

కళ్ళు మూసుకుంటే ఆగిపోయే కథ

రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ 1992లో వచ్చింది. రేవతి ఒంటరిగా నడుస్తుంటే హాల్లో జనం కుర్చీలు గట్టిగా పట్టుకున్నారు. మా పెద్దక్క చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. అడ్డం పెట్టుకున్నా సినిమా ఆగదు. రేవతి ఆ తలుపు తీయనే తీస్తుంది, అయ్యేది అయిపోతుంది, అక్క చున్నీ దించేసరికి మరో సీను వస్తుంది. సినిమాలో భయం మనల్ని దాటుకుంటూ పోతుంది.

గేములో కళ్ళు మూసుకుంటే ఏమీ జరగదు. తెరిచేసరికి ఆ తలుపు అలాగే ఎదురుగా ఉంటుంది. వెళ్ళొద్దని అరవడానికి రేవతి ఉండదు. బటన్ మీద ఉన్న వేలు మనది. లోపల ఏదో ఉందని తెలిసి, వెళ్ళకపోతే కథ కదలదని తెలిసి, మనంతట మనమే ఒప్పుకుని నొక్కాలి. భయపడేవాడూ భయంలోకి నడిపించేవాడూ ఒకడే కావడం మరే కళలోనూ ఇంత పచ్చిగా లేదు. నా మటుకు హారర్ గేముల రహస్యమంతా ఇక్కడే ఉంది. మిగతావన్నీ ఆ వేలును వణికించే ఉపాయాలు.

ఆ ఉపాయాల్లో కొన్ని పేదరికంలోంచి పుట్టాయి. 1996లో జపాన్ సంస్థ క్యాప్‌కామ్, షింజి మికామి దర్శకత్వంలో ‘రెసిడెంట్ ఈవిల్’ తెచ్చింది. ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్ళినప్పుడల్లా తెర నల్లబడి, ఒక్క తలుపు మాత్రమే కనిపించి, నెమ్మదిగా తెరుచుకునేది. ప్లేస్టేషన్ తన సీడీలోంచి తర్వాతి గదిని చదువుకోవడానికి కావలసిన వ్యవధి అది. యంత్రం ఊపిరి తీసుకునే ఆ కొన్ని క్షణాలూ మనం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవడానికి అందులో ఒక టైప్‌రైటర్ ఉంటుంది. దానికి కావలసిన రిబ్బన్లు లెక్కగా దొరుకుతాయి. ఇప్పుడు దాచుకోవాలా, ఇంకో గది చూశాక దాచుకోవాలా? చచ్చిపోతే గంట కష్టం పోతుంది. ప్రాణభయం మనకు లేదు కాబట్టి, మనకు నిజంగా ఉన్న ఒకే ఒక్క వస్తువును, మన సమయాన్ని, ఆ గేమ్ పందెంలో పెట్టింది.

మూడేళ్ళ తర్వాత, 1999లో కొనామి ‘సైలెంట్ హిల్’. ఊరంతా మంచు. దూరంగా ఉన్న వీధులను గీసే శక్తి ఆ ప్లేస్టేషన్‌కు లేకపోతే, ఆ లోటును పొగమంచుతో కప్పేశారు. కథానాయకుడు సైనికుడేం కాదు, తప్పిపోయిన కూతురి కోసం వెతుకుతున్న మామూలు తండ్రి. తుపాకీ గురి కూడా సరిగ్గా కుదరదు. జేబులో ఒక రేడియో. ఏదైనా దగ్గరికి వస్తే అది గరగరమంటుంది. ఏ వైపు నుంచో చెప్పదు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున మంచులో సైకిలు మీద వెళ్ళినవాళ్ళకు తెలుసు, ఎదురుగా వచ్చే ఎడ్లబండి ముందు గంటల చప్పుడే, తర్వాతే బండి.

2004లో వచ్చిన ‘డూమ్ 3’ని నేను ఇంజినీరింగ్ హాస్టల్లో, గదిలో ఒకే ఒక్కడికి ఉన్న కంప్యూటర్ మీద ఆడాను. కటిక చీకటి. చేతిలో టార్చి ఉంటే తుపాకీ ఉండదు, తుపాకీ తీస్తే టార్చి ఉండదు. చూడటమా, బతకడమా, ఏదో ఒకటి. చాలామందికి కోపం వచ్చింది. విడుదలైన కొద్దికాలానికే టార్చిని టేపుతో తుపాకీకి అంటించే మార్పును అభిమానులే తయారుచేసుకున్నారు. మేమూ తెచ్చి పెట్టుకున్నాం. హాయిగా కాల్చుకుంటూ పోయాం. రెండు రోజుల తర్వాత ఆ గేమ్ ఎవరూ ముట్టుకోలేదు. 2012లో సంస్థ తిరిగి విడుదల చేసినప్పుడు టార్చిని కవచానికే బిగించింది. ఆటగాడు కోరుకునేదాన్ని ఇచ్చేస్తే భయం పోతుందని నేను ఆ హాస్టల్ గదిలో తెలుసుకున్నాను.

ముందు చెవి, తర్వాతే కన్ను

భరతుడి నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భయానక రసానికి కారణాలు చెప్పాడు. వికృతమైన ధ్వనులు, భూతాలు కనిపించడం, నక్కలు, గుడ్లగూబలు, మనుషుల్లేని ఇల్లు, అడవి. జాబితాలో ధ్వని ముందు వచ్చింది. ప్రతి హారర్ గేమ్ తయారీదారుడూ కష్టపడి కనుక్కున్న సంగతి ఇదే. చెవికి రెప్ప లేదు.

స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ 2010లో విడుదల చేసిన ‘అమ్నీషియా: ది డార్క్ డిసెంట్’లో ఆయుధమే లేదు. పరిగెత్తాలి, దాక్కోవాలి. చీకట్లో ఎక్కువసేపు ఉంటే మతి చలిస్తుంది. దీపం వెలిగిస్తే నూనె ఖర్చు, పైగా వెలుగులో ఉంటే పట్టుబడతాం. తలెత్తి మనల్ని వెంటాడే జంతువును చూసినా మతి చలిస్తుంది. అందులో నీళ్ళు నిండిన ఒక నేలమాళిగ ఉంది. నీళ్ళలో ఏదో ఉంది, కంటికి కనిపించదు. పెట్టెల మీదుగా గెంతుతూ పోతుంటే వెనక నీళ్ళలో ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు, అడుగుపడ్డ చోట నీళ్ళు చెదరడం, అంతే. బొమ్మ గీయకుండా భయాన్ని ఇంత గట్టిగా నిలబెట్టిన చోటు నాకు మరొకటి తెలియదు.

మంగళగిరిలో పుట్టినవాడికి వినికిడితో ఒక పెద్ద అనుభవం చిన్నప్పుడే అవుతుంది. కొండమీద పానకాల స్వామికి విగ్రహరూపం లేదు, రాతిలో తెరుచుకున్న నోరు ఉంది. అర్చకులు శంఖంతో పానకం పోస్తారు. లోపల గుటకల చప్పుడు వినపడుతుంది. ఒక దశలో ఆ చప్పుడు ఆగుతుంది. మిగతా సగం మన పాత్రలో ప్రసాదంగా తిరిగొస్తుంది. తాతగారు నన్ను మొదటిసారి 1890లో చన్నాప్రగడ బలరామదాసు కట్టించిన ఆ మెట్లమీదుగా తీసుకెళ్ళినప్పుడు, నేను ఆ నోటిని చూసిన గుర్తు లేదు. గుటక గుర్తుంది. అది ఆగిన క్షణం ఇంకా బాగా గుర్తుంది. మధ్యాహ్నం దాటాక గుడి మూసేస్తారు. రాత్రి దేవతలు వచ్చి పూజ చేసుకుంటారని, అప్పుడు మనుషులు ఉండకూడదని పెద్దలు చెప్పేవారు. దాన్ని భయం అంటే తప్పు, భక్తి అని మాత్రమే అంటే చాలదు. భయభక్తులు అని రెంటినీ కలిపి ఒకే మాట చేసినవాళ్ళకు ఆ గుటక తెలిసే ఉంటుంది. ఆ స్వామి కథ కూడా గడప మీదిదే. పగలూ రాత్రీ కాని సంధ్యలో, ఇంటా బయటా కాని గుమ్మంలో జరిగిన కథ.

కొండ దిగితే మగ్గాలు. గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే గుంట మగ్గం చప్పుడుకు ఒక లయ ఉంటుంది. నాడె అటు పోతుంది, పన్నె ఒక దెబ్బ, నాడె ఇటు వస్తుంది, ఇంకో దెబ్బ. ఆ చప్పుడులో పుట్టిన పిల్లలు ఆ చప్పుడులోనే నిద్రపోతారు. అది ఆగితేనే మెలకువ వస్తుంది. పోగు తెగిందా? మనిషికి ఏమైనా అయిందా? భయపెట్టే సంగీతం రాసేవాళ్ళు నిశ్శబ్దాన్ని వాడుకునేది ఇందుకే. అంతసేపూ వినపడుతున్నదని కూడా మనం గమనించని ఒక చప్పుడును నెమ్మదిగా తీసేస్తారు. ఎందుకో తెలియకుండా మెడ వెనక చల్లబడుతుంది.

వేటాడే బుద్ధి

చప్పుడు చేసే జంతువుకు కాస్త బుద్ధి కూడా ఉంటే? 2014లో వచ్చిన ‘ఏలియన్: ఐసోలేషన్’ దీనికి మంచి జవాబు. దాదాపు ఆటంతా మన వెంటపడే ఆ జంతువును చంపలేం. దాని వెనక రెండు బుద్ధులు పనిచేస్తాయి. ఒకదానికి మనం ఎక్కడున్నామో ఎప్పుడూ తెలుసు. రెండోది జంతువు బుద్ధి, దానికి తెలియదు. మొదటిది అప్పుడప్పుడు ‘ఆ వైపు చూడు’ అని చిన్న సూచన మాత్రం ఇస్తుంది, వెతికి పట్టుకోవాల్సింది జంతువే. అందుకే అది మనల్ని మోసం చేసి పట్టుకున్నట్టు ఉండదు, మన తప్పు వల్లే దొరికినట్టు ఉంటుంది. పైగా ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే యంత్రంలో కార్డు పెట్టాక, మూడు దీపాలు ఒక్కొక్కటిగా వెలిగేదాకా నిలబడాలి. మూడో దీపం కోసం ఎదురుచూస్తూ వీపు వెనక గాలిగొట్టాల్లో కదలిక విన్న ఆ సెకన్లు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి.

అదే ఏడాది ఆగస్టులో హిడెయో కోజిమా ‘పి.టి.’ ఉచితంగా వదిలాడు. మలుపు తిరిగిన ఒక నడవ, చివర ఒక తలుపు. తలుపు తీస్తే మళ్ళీ అదే నడవ మొదట్లో ఉంటాం. ప్రతిసారీ ఏదో ఒకటి మారి ఉంటుంది. దీపం ఊగుతుంటుంది, రేడియో ఏదో చెబుతుంటుంది, బాత్రూమ్ తలుపు ఇందాక మూసి ఉంది, ఇప్పుడు ఓరగా ఉంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో దాన్ని ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేశారు. అది ఆడినవాడు ఆ రాత్రి సొంత ఇంట్లో మంచినీళ్ళకు లేవడానికి ఆలోచిస్తాడు. వింత లోకాల్లోని రాక్షసులు ఆ లోకాల్లోనే ఉండిపోతారు. తెలిసిన ఇంట్లో ఓరగా తెరిచిన తలుపు మనతో వచ్చేస్తుంది. జడుపు అంటే అదీ.

ఇంత భయాన్ని డబ్బిచ్చి ఎందుకు కొనుక్కుంటాం? డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వినోదం కోసం కట్టిన దెయ్యాలకొంపలోకి వెళ్ళిన 110 మందికి గుండెవేగం కొలిచే పరికరాలు తగిలించారు. భయం మరీ తక్కువైతే సరదా లేదు, మరీ ఎక్కువైనా లేదు. నడుమ ఎక్కడో సరదా శిఖరానికి చేరింది. గుంటూరు కారానికి కూడా ఇదే కొలత.

మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఒక రాత్రి

మన దగ్గర గేములు తయారు కావడం లేదా అంటే, అవుతున్నాయి. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ విడుదల చేసింది. దేశంలోని గేమ్ తయారీదారులు కలిసే ఐజీడీసీ సదస్సు కొన్నేళ్ళపాటు హైదరాబాద్‌లోనే జరిగింది. కానీ మన నేల వాసన వేసే తెలుగు హారర్ గేమ్ కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను. పాడుబడ్డ కోట, తెల్లచీర, కాలి గజ్జెలు తెచ్చి పెడితే అది రాదు. భయం పని చేసే తీరు ఈ నేలలో ఎక్కడుందో వెతకాలి.

నాకు రెండు చోట్లు కనిపిస్తున్నాయి. ఒకటి గుంటూరు చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీ. మందపాటి తలుపు, లోపల చలి, అంతస్తులుగా పేర్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వాటి మధ్య మనిషి పట్టేంత సందు. గాలిలో ఘాటు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని పనిచేసే హమాలీలకు కూడా దగ్గు తప్పదు. ఇప్పుడు ఆ సందుల్లో చెవితో వేటాడేది ఒకటుందనుకోండి. కదలకుండా నిలబడినా, ఊపిరి బిగబట్టినా, గొంతులో గరగర మొదలవుతుంది. దగ్గు ఆపుకోవాలి. ఎంతసేపు? టిక్కీల దగ్గరగా నక్కితే కనిపించం, కానీ అక్కడ ఘాటు ఎక్కువ. 2020లో వచ్చిన ‘ఫాస్మోఫోబియా’లో దెయ్యం మన మైకులోంచి మన గొంతు వింటుంది. ఆ పరిజ్ఞానం ఇప్పటికే ఉంది. ఆడేవాడు తన గదిలో నిజంగా దగ్గితే దొరికిపోవాలి.

రెండోది జిన్నింగ్ మిల్లు గోదాము. కొండల్లా పోసిన పత్తి. అక్కడ మాట్లాడితే గొంతు నోటి దగ్గరే పడిపోతుంది, ప్రతిధ్వని ఉండదు. మిర్చి గోదాములో మన చప్పుడు మనల్ని పట్టిస్తే, పత్తి గోదాములో ఎదుటిదాని చప్పుడు మనకు చేరదు. అడుగులు వినపడవు. అన్ని గేముల్లోనూ ఆటగాణ్ణి కాపాడేది చెవి. ఇక్కడ దాన్నే తీసేస్తాం. మధ్యలో, ఆ రెంటికీ నడుమ, మిరపకల్లం. ఎండబోసిన కాయ దొంగలపాలు కాకుండా రైతులు రాత్రుళ్ళు అక్కడే పడుకుంటారు. దూరంగా నల్లరేగడిలో ఒక మంట కదిలితే అది బీడీనా, టార్చినా, చిన్నప్పుడు చెప్పుకున్న కొరివి దెయ్యమా? ఆ మంట ఏమిటో గేమ్ చివరిదాకా చెప్పకూడదని నా కోరిక. ఈ జిల్లా పిల్లలెవరైనా ఇది తయారు చేస్తే మొదటి రాత్రి నేను ఆడతాను.

ఒక్క మాట తల్లిదండ్రులతో చెప్పాలి. నేను పైన చెప్పిన పెద్ద గేములు చాలావాటి మీద 17 ఏళ్ళు దాటినవారికి అన్న అమెరికా ఈఎస్ఆర్‌బీ ముద్ర ఉంటుంది. ఫోన్‌లో దొరికేవాటి మీద ఏ ముద్ర ఉందో ఎవరూ చూడటం లేదు. ఉలికిపాటు పిల్లలు నవ్వుతూ దులిపేసుకుంటారు. గుబులు కొందరికే ఇష్టం. జడుపు మాత్రం వయసును చూసి తగులుతుంది. ఫోన్ లాక్కోవడం కన్నా పక్కన కూర్చోవడం మంచిదని నాకు అనిపిస్తోంది. భయం ఒంటరివాడి మీద పనిచేసినంతగా ఇద్దరి మీద పనిచేయదు.

అందుకే ఆ రాత్రి మేడమీద నేను చాప మీద కూర్చుని ఒక ఇయర్‌ఫోన్ తీసుకున్నాను. వాడు మంచం కింద దాక్కుని ఉన్నాడు. ముసలామె కాళ్ళు గది గుమ్మంలో ఆగాయి. వాడి వేలు అద్దానికి వెంట్రుకవాసి ఎత్తులో ఆగింది. ఒక చెవిలో ఆమె ఊపిరి. రెండో చెవిలో కింద ఎదురింటి మగ్గం, ఎమర్జెన్సీ లైటు వెలుగులో ఇంకా ఆడుతూనే ఉంది. నాడె, దెబ్బ, నాడె, దెబ్బ.

మగ్గం ఆగింది.

వాడు ఫోన్ మీంచి తలెత్తి నా వైపు చూశాడు. ఇద్దరం పిట్టగోడ వైపు చెవి ఒగ్గి, అది మళ్ళీ మొదలయ్యేదాకా కదల్లేదు.